నవ్వుకు గద్ద ముద్ర

బరకాత్‌కు టీవీ ఆఫీసులో నవ్వడమే పని. నమ్మకపోతే ఆయన నియామక పత్రం చూసుకోవచ్చు: "పిల్లల కార్యక్రమాల విభాగం, హాస్య పరిశీలకుడు" అని టైపు కొట్టి ఉంటుంది. వారానికి మూడు రోజులు, పొద్దున పదకొండింటికి, నాలుగో అంతస్తు గదిలో చేతుల కుర్చీలో కూర్చుని, రచయిత్రి కొత్త ఎపిసోడ్ చదువుతుంటే విని నవ్వాలి. ఒక గుమాస్తా ఆయన మొహం వంకే చూస్తూ, ఏ పేజీలో నవ్వాడు, ఎంతసేపు నవ్వాడు, అది చిరునవ్వా పెద్ద నవ్వా అన్నవి ఫారంలో మూడు ప్రతులు నింపుతాడు. ఏడు నవ్వులు నిండితే ఎపిసోడ్ పాసు. అప్పుడు కింద ప్రభుత్వం వారి గద్ద ముద్ర పడుతుంది. కైరోలో గద్ద ముద్ర లేకుండా మనిషి పుట్టినట్టూ లెక్క లేదు, పోయినట్టూ లెక్క లేదు. నవ్వు మాత్రం ఊరికే ఎందుకు పోవాలి?

నాలుగేళ్ళుగా ఒక్క ఎపిసోడూ ఫెయిలవలేదు. ఆ నాలుగేళ్ళలో బరకాత్‌కు నిజంగా నవ్వొచ్చింది ఒకే ఒక్కసారి. ఈ రెండో సంగతి రాయడానికి ఫారంలో గడి లేదు.

అంతకుముందు ఆయన అదే అంతస్తులో టీ కాచేవాడు. మెట్ల కింద కిటికీ లేని గది, దాన్నే అందరూ బఫే అనేవాళ్ళు; రెండు స్టవ్వులు, ఒక పెద్ద కెటిల్, గాజు గ్లాసులు, గోడకు మక్కా బొమ్మ ఉన్న కేలండరు. ఆ గదిలోనే ఆయన జుట్టు నెరిసింది. ఎవరికి ఎన్ని చెంచాల చక్కెరో అడగకుండానే ఆయనకు తెలుసు. కొత్త మనిషిని మాత్రం ఒక్కసారి అడిగేవాడు.

కైరోను కుదిపేసిన భూకంపం వచ్చిన మరుసటి ఏడాది విదాద్ అనే పాతికేళ్ళ అమ్మాయి రచయిత్రిగా చేరింది. కథలు చదివి వినిపించే గది కప్పు భూకంపానికి బీటలిచ్చి ఇంకా బాగుపడలేదు కాబట్టి, ఆమె తన మొదటి కథను వరండాలో నిలబడి ఫహ్మీకి చదివి వినిపిస్తోంది. ఫహ్మీ బొమ్మలాడించేవాడు. గుడ్డతో కుట్టిన మేకను చేతికి తొడుక్కుని, గొంతు మార్చి దానికి మాటలు చెప్పాల్సినవాడు. కథేమో షుబ్రా పేటలో ఆరంతస్తుల పాత మేడ గురించి. లిఫ్టు చెడిపోయి ఎన్నాళ్ళయిందో అందులో ఉండేవాళ్ళకే గుర్తు లేదు. మేడ కప్పు మీద, పావురాల గూళ్ళ పక్కన, సుక్కరా అనే మేక. దానికి దొరికిన కాగితమల్లా తినడం అలవాటు. మొదటి రోజే కరెంటు బిల్లు తినేసింది. కరెంటువాడు ఆరంతస్తులూ ఎక్కి, రొప్పుతూ వచ్చి, "బిల్లు తినేస్తావా? సిగ్గు లేదూ?" అన్నాడు.

మేక నెమరేస్తూ తీరిగ్గా, "ఉండేది. మొన్న గురువారం తినేశాను" అంది.

సరిగ్గా అప్పుడు బరకాత్ ట్రే పట్టుకుని అటుగా పోతున్నాడు. తొమ్మిది గ్లాసుల టీ. ఆ మాట చెవిన పడేసరికి ఆయన కడుపులోంచి ఒక నవ్వు తన్నుకొచ్చింది. ట్రే ఒకవైపు, ఆయన ఒకవైపు. తొమ్మిది గ్లాసులూ ముక్కలయ్యాయి. ఆయన గోడకు ఆనుకుని, పొట్ట పట్టుకుని, కళ్ళు తుడుచుకుంటూ, "గురువారమంట! ఓరి దేవుడా, గురువారమంట!" అని ఆగకుండా నవ్వాడు. చుట్టుపక్కల గదుల్లో వాళ్ళు మళ్ళీ భూకంపమేమోనని బయటికి పరుగెత్తుకొచ్చారు.

ఆ రంజాన్‌లో రోజూ సాయంత్రం ఉపవాసం విడవమని మగ్రిబ్ ఫిరంగి పేలే ముందు పావుగంట సేపు సుక్కరా టీవీలో కనిపించేది. పిల్లలు ఆకలితో, పెద్దలు చిరాకుతో, అమ్మలు వంటింటి పొగతో ఉండే పావుగంట అది. కైరో అంతా ఆ మేక ముందు కూర్చుంది. బిల్లు తిన్నది మేకే కాబట్టి మరుసటి నెల బిల్లు మేక పేరు మీద వచ్చింది. బిల్లు ఎవరి పేరున ఉంటే వాళ్ళే ఇంటి హక్కుదారు కాబట్టి, మేడలో అద్దెకున్న వాళ్ళంతా టోపీలు సర్దుకుని మేక దగ్గరికి సలాం చెప్పడానికి కప్పెక్కారు. ఇంకో రోజు పంతులు వచ్చి, "మా పిల్లవాడి లెక్కల నోటుబుక్కు నువ్వే తిన్నావా?" అని గద్దిస్తే, "తిన్నాను. అన్నీ తప్పులే. రెండు రోజులు కడుపునొప్పి" అని మేక ఎదురు ఫిర్యాదు చేసింది. వీధుల్లో పిల్లలకు ఎవరైనా "సిగ్గు లేదూ?" అంటే చాలు, గురువారం మాట తయారుగా ఉండేది. అమ్మలు చెయ్యెత్తేవాళ్ళు గానీ, నవ్వాపుకోలేక ఆ దెబ్బ సరిగ్గా పడేది కాదు.

ఆ ట్రే పడిన నాటినుంచి విదాద్‌కు ఒక అలవాటైంది. ప్రతి ఎపిసోడూ ముందు బఫే గుమ్మంలో నిలబడి బరకాత్‌కు చదివేది. ఆయన వీపు ఇటు పెట్టి గ్లాసులు కడుగుతూ వినేవాడు. నీళ్ళ చప్పుడు ఆగిందంటే మాట బాగున్నట్టు. నవ్వాడంటే ఇక దాని జోలికి పోనక్కర్లేదు. బాగా లేకపోతే మాత్రం ఆయన విమర్శలు చెయ్యడు. వెనక్కి తిరిగి, ఆమెను అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు మర్యాదగా, "చక్కెర ఎంత వెయ్యమంటావమ్మా?" అనేవాడు. విదాద్ ఆ పేజీ చింపి చెత్తబుట్టలో వేసి వెళ్ళిపోయేది. మూడేళ్ళలో ఆ బుట్ట ఎన్నిసార్లు నిండిందో. మేక మాత్రం ఏ రోజూ చప్పగా మాట్లాడలేదు.

నాలుగో ఏడు డైరెక్టరుగా శవ్కత్ బే వచ్చాడు. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఇంత నష్టం చేసేవాడు కాదు. ఆయనకు ఈ సీరియల్ అంటే ప్రాణం, ఫైళ్ళంటే అంతకన్నా ప్రాణం. ఇంత గొప్ప విజయానికి రహస్యం ఏమిటని ఆరా తీస్తే, టీ కాచేవాడి నవ్వని తేలింది. ఆయన నిర్ఘాంతపోయాడు.

"ఇంత పెద్ద ఆస్తి మన దగ్గరుండి, దానికో ఫైలు లేదా?" అన్నాడు.

వెంటనే ఫైలు తెరిచారు. బరకాత్‌కు కుర్చీ, గది, కోటు ఇచ్చారు. గద్ద ముద్ర ఇచ్చారు. బఫేలోకి రావియా అనే వితంతువును పెట్టారు. పనిలోపనిగా పిల్లల మనసులు తెలిసిన ఆరుగురు పెద్దమనుషులతో ఒక కమిటీ వేశారు. వాళ్ళు మేకను నిలువునా పరిశీలించి, అది పిల్లలకు సిగ్గులేనితనం నేర్పుతోందని తేల్చారు. గురువారం మాట ఎగిరిపోయింది. ప్రతి ఎపిసోడ్ చివరా మేక తెర వైపు తిరిగి, "నన్ను క్షమించండి పిల్లలూ, కాగితం తినడం తప్పు" అని చెప్పాలన్నారు. కాగితం బదులు క్యారెట్ తినాలన్నారు. మెడకు రిబ్బను కట్టారు. రిబ్బను కట్టిన రోజు ఫహ్మీ బొమ్మను చేతికి తొడుక్కుని చూసి, "దీన్ని బడికి పంపుతున్నారా, పెళ్ళికా?" అన్నాడు. ఆ రోజు అందరికన్నా మంచి మాట అదే. ఎవరూ రాసుకోలేదు.

కుర్చీలో కూర్చున్న మొదటి రోజు బరకాత్‌కు ఇప్పటికీ గుర్తే. విదాద్ చదివింది. మేక క్యారెట్ తిని, క్యారెట్‌లో కంటికి మంచిదేముందో చెప్పింది. బరకాత్ అలవాటుగా "చక్కెర ఎంత" అనబోయి చుట్టూ చూశాడు. స్టవ్వు లేదు, కెటిల్ లేదు, చేతిలో గ్లాసు లేదు. కోటు వేసుకుని కూర్చున్న మనిషి చక్కెర సంగతి ఎలా అడుగుతాడు? కమిటీ ఆరుగురూ, డైరెక్టరూ, గుమాస్తా, ఎనిమిది జతల కళ్ళు ఆయన నోటి మీదే ఉన్నాయి. విదాద్ కళ్ళు కూడా. ఆమె అప్పటికి నిద్రలేక పీక్కుపోయి ఉంది. ఆయన మింగలేక కక్కలేక, చివరికి "హ హ" అన్నాడు. గుమాస్తా ఒకటి రాసుకున్నాడు. విదాద్ ఊపిరి పీల్చుకుంది. పాపం, పిల్ల సంతోషించింది గదా అనుకున్నాడు బరకాత్. రెండో "హ హ" అంత కష్టమనిపించలేదు.

ఆఫీసులో ఎవరూ పసిగట్టలేదు గానీ, ఇంట్లో భార్య దావ్లత్ వారం రోజుల్లోనే పట్టేసింది. పక్కింటావిడ వచ్చి ఏదో చెబితే బరకాత్ మూడుసార్లు, సమానంగా, ఒకే కొలతతో నవ్వాడు.

ఆవిడ వెళ్ళాక దావ్లత్, "ఇదిగో, ఆఫీసు నవ్వు ఇంట్లో నవ్వొద్దు చెప్తున్నా. నాకు ఒళ్ళు జలదరిస్తోంది" అంది.

"నవ్వులో ఆఫీసుదీ ఇంటిదీ అని ఉంటాయా?"

"మొన్న కంది పప్పులో రాయొచ్చి నా పన్ను విరిగినప్పుడు కూడా అలాగే నవ్వావు. నేనింకా మర్చిపోలేదు."

ఆ రాత్రి బరకాత్ మొహం కడుక్కుంటూ అద్దంలో నవ్వి చూసుకున్నాడు. పళ్ళున్నాయి, పెదాలున్నాయి, చప్పుడుంది. దావ్లత్ చెప్పింది నిజమే.

ఇలా నాలుగేళ్ళు గడిచాయి. వీధిలో పిల్లలు సుక్కరా వచ్చే వేళకు బంతాట ఆపడం మానేశారు. కొందరు మేక క్షమాపణ చెప్పే ఘట్టం రాగానే లేచి ఖర్జూరాలు లెక్కపెట్టుకునేవాళ్ళు. ఆఫీసులో మాత్రం అంతా బ్రహ్మాండంగా ఉంది. ఫారాలన్నీ నిండాయి, నవ్వులన్నీ ఏడుకు తగ్గలేదు. ఆ కాగితాలు చూసే, సీరియల్‌ను ఇదే పద్ధతిలో ఇంకో ఐదేళ్ళు సాగించాలని శవ్కత్ బే నిర్ణయించాడు. కొత్త వరుసలో మొదటి ఎపిసోడ్ పాసైతే చాలు, సంతకాలే.

ఆ చదువుకు ముందు రోజు విదాద్ ఒంటరిగా బరకాత్ గదికి వచ్చింది. కుర్చీ ఉన్నా కూర్చోలేదు.

"బాబాయ్, రేపటి దానిలో అసలు ఏమన్నా ఉందా లేదా నాకు తెలియట్లేదు" అంది. "రాస్తున్నా. చేతులు రాస్తున్నాయి. నవ్వొస్తోందో లేదో నాకే తెలియకుండా పోయింది. నువ్వు నవ్వుతున్నావు గదా అని ఆ ధైర్యంతో లాక్కొస్తున్నా. ఈ ఐదేళ్ళు ఒప్పుకోమంటావా?"

ఆయన ఆమె వైపు చూశాడు. ఆమె నుదుటి దగ్గర నెరిసిన వెంట్రుకలు రెండు కనిపించాయి. ఎప్పుడు వచ్చాయో ఆయన చూడనే లేదు.

"రేపు విందాం తల్లీ" అన్నాడు.

ఆ రోజంతా ఆయన మనసు మనసులో లేదు. నవ్వితే ఆ మేక ఇంకో ఐదేళ్ళు రిబ్బను కట్టుకుని క్యారెట్ నములుతూ బతుకుతుంది, విదాద్ దాంతోపాటు ముసలిదైపోతుంది. నవ్వకపోతే సీరియల్ ఆగిపోవచ్చు, తన కుర్చీ పోవచ్చు. అన్నిటికన్నా ముందు, నాలుగేళ్ళు అబద్ధం నవ్వాడని ఆ పిల్లకు తెలిసిపోతుంది. కుర్చీ గురించి ఆయన అంతగా భయపడలేదు. ఆయన భయమంతా ఆ మూడోదాని గురించే.

మర్నాడు పదకొండింటికి అందరూ చేరారు. రావియా గ్లాసులు పట్టుకెళ్ళడానికి వచ్చి గుమ్మంలో నిలబడింది. విదాద్ చదవడం మొదలుపెట్టింది. మేక పళ్ళు తోముకుంది. మేక పొరుగు పావురాన్ని క్యూలో నిలబడమంది. మూడో పేజీలో కమిటీ వాళ్ళకు బాగా నచ్చిన చోటు వచ్చింది, అక్కడ మేక తుమ్మి, చేతిరుమాలు వాడింది. గుమాస్తా పెన్ను ఎత్తి పట్టుకుని బరకాత్ మొహంలోకి చూశాడు.

బరకాత్ నోరు తెరిచాడు. "హ" బయటికి రాలేదు. ఆయన విదాద్ వైపు తిరిగి, అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు మర్యాదగా అన్నాడు:

"చక్కెర ఎంత వెయ్యమంటావమ్మా?"

శవ్కత్ బే తల కొట్టుకుని, "అయ్యో, నిజమే! పెద్దమనిషికి గొంతెండిపోయి ఉంటుంది. రావియా, అందరికీ టీ!" అన్నాడు. కమిటీలో ఒకాయన "నాకు రెండు చెంచాలు" అన్నాడు. ఇంకొకాయన తనకు డాక్టరు చక్కెర మాన్పించాడన్నాడు. మూడో ఆయన పుదీనా ఉందా అని అడిగాడు. ఆరుగురూ చక్కెర గురించి చర్చలో పడ్డారు. గుమాస్తా ఏ గడిలో రాయాలో తెలియక ఒకటి అని రాసి, దాన్ని కొట్టేసి, మళ్ళీ రాశాడు. గుమ్మంలో రావియా తలగుడ్డ అంచు నోటికి అడ్డం పెట్టుకున్నా ఆగక కిసుక్కున నవ్వేసింది.

విదాద్ ఒక్కతే నవ్వలేదు. కాగితాలు మడిచి బయటికి వెళ్ళిపోయింది. బరకాత్ వెంటబడ్డాడు. మెట్ల దగ్గర అందుకున్నాడు.

"ఎప్పట్నుంచి?" అంది ఆమె వెనక్కి తిరక్కుండానే.

"తల్లీ..."

"ఎప్పట్నుంచి బాబాయ్? ఈ ఏడా? నిరుడా?"

"కుర్చీ ఎక్కిన కాణ్ణుంచి."

ఆమె రెయిలింగు పట్టుకుంది. "నాలుగేళ్ళు! నూట ఇరవై ఎపిసోడ్లు రాశాను. నువ్వు నవ్వుతుంటే ఇంటికెళ్ళి హాయిగా పడుకున్నాను. ఒక్కటన్నా లేదా? ఒక్కటి?"

"ఉంది. నిజంగా ఉంది" అన్నాడాయన ఆశగా. "మేక లిఫ్టులో ఇరుక్కుంటుంది చూడు. లిఫ్టువాడు, 'పన్నెండేళ్ళనుంచి కదలని లిఫ్టు నీకెట్టా కదిలిందే?' అంటే, 'బతిమాలలేదు, అందుకని' అంటుంది. టీవీలో విని, దానికి మర్నాటిదాకా నవ్వుకున్నా."

విదాద్ అప్పుడు ఆయన వైపు తిరిగింది. "అది నేను రాయలేదు. షూటింగులో ఫహ్మీ అప్పటికప్పుడు అన్నాడు. మళ్ళీ తీయడానికి టైము లేక ఉంచేశారు."

ఆమె మెట్లు దిగిపోయింది. బరకాత్ కోటు విప్పి, మడిచి, చేతి మీద వేసుకుని అక్కడే నిలబడ్డాడు. తనమీద తనకే అసహ్యమేసింది.

ఆఫీసులో అసలు చిక్కు అప్పుడు మొదలైంది. ఏడు నవ్వులకు గాను ఒకటి, అదీ కొట్టేసి మళ్ళీ రాసింది. ఇలా జరిగితే ఏం చెయ్యాలో నిబంధనల్లో లేదు. ఎపిసోడ్‌లో లోపం ఉండటానికి వీల్లేదు, దాన్ని కమిటీ చూసింది. కాబట్టి లోపం నవ్వులోనే ఉందని శవ్కత్ బే తేల్చి, బరకాత్‌ను ఆఫీసు డాక్టరు దగ్గరికి పంపాడు. డాక్టరు గొంతులో దీపం వేసి చూసి, "నవ్వు దారిలో అడ్డేమీ లేదు" అని రాసిచ్చాడు. ఇక మిగిలింది ఒకటే దారి. ఆ రోజు గుమ్మంలో రావియా ఎంత స్వచ్ఛంగా నవ్విందో డైరెక్టరు కళ్ళారా చూశాడు గదా. పైగా ఆమె వచ్చింది కూడా అదే బఫేలోంచి. ఫైల్లో పేరు మార్చారు. కోటు ఆమెకు పెద్దదైతే చేతులు మడిచి కుట్టించారు. బరకాత్ తన చేత్తో తనే అర్జీ రాసుకుని కెటిల్ దగ్గరికి తిరిగొచ్చాడు. సీరియల్ ఆగలేదు; ఒకసారి చదివిన ఎపిసోడ్‌నే మళ్ళీ పరిశీలించే నిబంధన లేదు కాబట్టి, విదాద్‌ను మొదటి ఎపిసోడ్ మళ్ళీ రాసి తెమ్మన్నారు.

విదాద్ బఫే వైపు రాలేదు. టీ కావాలంటే ఫహ్మీ చేత చెప్పించేది. "ఆవిడకు రెండు చెంచాలు" అనేవాడు ఫహ్మీ ఇబ్బందిగా. ఆమె తాగేది చెంచాన్నర అని బరకాత్‌కు తెలుసు. చెంచాన్నరే వేసి పంపేవాడు. గ్లాసు ఖాళీగా తిరిగొచ్చేది. ఆయన రోజంతా ఎదురుచూసేది ఆ ఖాళీ గ్లాసు కోసమే.

మూడు వారాలకు, ఒక ఆదివారం పొద్దున, గ్లాసులు కడుగుతుంటే వెనక కాగితాల చప్పుడైంది. ఆయన తిరగలేదు. విదాద్ పలకరింపైనా లేకుండా చదవడం మొదలుపెట్టింది. పేజీ అయ్యాక ఆగింది. ఆయన వెనక్కి తిరిగి, "చక్కెర ఎంత వెయ్యమంటావమ్మా?" అన్నాడు. ఆమె పేజీ చింపి బుట్టలో వేసి వెళ్ళిపోయింది. మర్నాడు మళ్ళీ వచ్చింది. మళ్ళీ చక్కెర. ఆ మర్నాడూ అంతే. ఐదో రోజు ఆమెకు కోపమొచ్చి, "పోనీ అబద్ధమన్నా నవ్వు బాబాయ్!" అంది. "అది నీకిక చెయ్యలేనమ్మా" అన్నాడాయన.

పదకొండో రోజు చదివిన దానిలో మునిసిపాలిటీ అధికారి ఒకడు కప్పెక్కి, సుక్కరాకు "మంచి నడవడిక గల మేక" అని గద్ద ముద్ర వేసిన పత్రం ఇస్తాడు. మేక ఆ పత్రాన్ని ముద్రతో సహా నమిలేస్తుంది. అధికారి మండిపడి, "ముందు క్షమాపణ చెప్పు!" అంటాడు. మేక నెమరేస్తూ తీరిగ్గా, "నాలుగేళ్ళుగా రోజుకొకటి చొప్పున ముందే చెప్పి పెట్టాను. వాటిల్లోంచి ఒకటి పట్టుకుపో" అంటుంది.

నీళ్ళ చప్పుడు ఆగింది. బరకాత్ భుజాలు కదిలాయి. చేతిలోంచి గ్లాసు జారి తొట్టిలో భళ్ళుమంది. ఆయన స్టవ్వు పట్టుకుని, చెయ్యి చురుక్కుమంటే వదిలేసి, గోడ పట్టుకుని, "పట్టుకుపొమ్మంట! అమ్మో, ఒకటి పట్టుకుపొమ్మంట!" అంటూ కూలబడ్డాడు. విదాద్ గుమ్మంలో నిలబడి ఆయన్ను చూస్తూ ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది. తర్వాత అరచేత్తో మొహం తుడుచుకుని, "చెంచాన్నర" అంది.

ఇక ఆ ఎపిసోడ్‌ను నాలుగో అంతస్తు గదిలో పాస్ చేయించడం గురించి బెంగపడాల్సిన పనే లేకపోయింది. కొత్త ఉద్యోగంలో రావియా ప్రాణం పెట్టి పనిచేస్తోంది. పేరు చదవగానే నవ్వింది. "మొదటి పేజీ" అంటే నవ్వింది. రెండో పేజీ సగానికి ఏడూ నిండాయి. కమిటీ వాళ్ళు అంకె చూసి తృప్తిగా తలలూపారు. మిగతాది వినాల్సిన అవసరం ఎవరికీ కనిపించలేదు. శవ్కత్ బే స్వయంగా ముద్ర వేశాడు. మేక తినబోయే ముద్ర లాంటిదే.

రంజాన్ మొదటి రోజు సాయంత్రం బరకాత్, దావ్లత్ బల్ల ముందు కూర్చున్నారు. పప్పు సూపు ఆవిర్లు కక్కుతోంది. కిటికీ తెరిచి ఉంది. టీవీలో మేక రిబ్బను కూడా నమిలేసి, ముద్ర నమిలేసి, ఆ మాట అంది. ఎదురు మేడ మూడో అంతస్తులో ఎవరో పిల్ల కెవ్వున నవ్వింది. దాని పక్కన ఇంకొకరు. కింద దుకాణంలో ఎవరో పెద్దాయన. బాల్కనీల నిండా నవ్వులే. వాటి మధ్య ఫిరంగి పేలింది కూడా సరిగ్గా వినపడలేదు. ఆ సాయంత్రం షుబ్రాలో చాలామంది రెండు నిమిషాలు ఆలస్యంగా ఉపవాసం విడిచారు.

మర్నాడు ఆఫీసు ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. మళ్ళీ వెయ్యమని అడిగేవాళ్ళు, మేక క్షమాపణ ఎందుకు చెప్పలేదని అడిగేవాళ్ళు. క్షమాపణ సంగతి అడిగినవాళ్ళకు గద్ద ముద్ర పడిందని చెప్పారు. శవ్కత్ బే మళ్ళీ ఆరా తీశాడు. ఈసారి ఆ రచన బఫేలో తయారైందని తేలింది. ఆయన ఎంతో కదిలిపోయాడు.

పగలు ఉపవాసం కాబట్టి రంజాన్‌లో బఫే మూతే. చల్లారిన కెటిల్ పక్కన ఊరికే కూర్చున్న బరకాత్‌కు ఒక కవరు అందింది. అందులో ఉత్తర్వు ఉంది. బఫేలో జరిగే నవ్వును గుర్తించి, అక్కడే ఒక కుర్చీ, ఒక గుమాస్తా, ప్రతి చక్కెర ప్రశ్ననూ నమోదు చెయ్యడానికి ఒక ఫారం ఏర్పాటు చేస్తున్నారట. బరకాత్ ఇకమీదట "ప్రధాన హాస్య పరిశీలకుడు". కింద గద్ద, రెక్కలు చాచుకుని.

ఆయన రెండుసార్లు చదివాడు. అటూ ఇటూ చూశాడు. దాన్ని నోటి దాకా తెచ్చి, ఉపవాసం గుర్తొచ్చి ఆగిపోయాడు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దాచుకుని, ఆ రోజంతా జేబు తడుముకుంటూ గడిపాడు.

సాయంత్రం ఫిరంగి పేలింది. ఇంట్లో బల్ల ముందు బరకాత్ దేవుడి పేరు తలుచుకుని ఒక ఖర్జూరం తిన్నాడు, నేరేడు రంగు మందార షర్బత్ ఒక గుక్క తాగాడు. తర్వాత జేబులోంచి కాగితం తీసి, మూల చింపి నోట్లో పెట్టుకున్నాడు. నింపాదిగా నమిలాడు. ఇంకో మూల. దావ్లత్ గరిటె పట్టుకుని గుడ్లప్పగించి చూసింది.

"ఏంటది నువ్వు తినేది?"

"ప్రమోషను" అన్నాడాయన నములుతూనే.

"ఓరి నాయనో! నెరిసిన తలేసుకుని కాగితం తింటున్నావే, సిగ్గు లేదూ?"

బరకాత్ నోటి నిండా గద్ద ఉంది. ఆయన జవాబు చెప్పలేక ఆమె వైపు చూశాడు. ఎనిమిదేళ్ళుగా ఆ సీరియల్ చూస్తూ ఒక్కసారీ పైకి నవ్వని దావ్లత్, గరిటె సూపులో పడేసి, బల్ల పట్టుకుని, ఆ గురువారం జవాబు తనే చెప్పి, ఊపిరాడక నవ్వింది.